2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పేరు సంఘానిదే అయినా పని చేసింది కొద్దిమందే. వాళ్ళ కష్టం మినిట్స్ పుస్తకానికి ఎక్కాలనే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది తోలుబొమ్మలాట. దాని కథ మన పక్కనున్న మడ అడవి నుంచే మొదలైంది. ఉప్పునీటి మడ చెట్లున్న కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చెక్క వంతెన మీద ఫొటోలు దిగి వెళ్తున్నారు. పక్కనే పుట్టి పెరిగిన మన పిల్లలకి మాత్రం ఆ చెట్లలో తెల్లమడ ఏదో తిల్ల ఏదో తెలియడం లేదు. అందుకని వేసవి సెలవుల్లో వాళ్ళని పాటు వేళ, అంటే నీళ్ళు వెనక్కి తీసే వేళ, చూసుకుని ఉప్పుటేటి గట్టుకి తీసుకెళ్ళాం. పీతల వేటకి వెళ్ళే ఆడవాళ్ళు ముందు నడిచారు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చే వేళ్ళు చూపించారు. చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడే ఉప్పుపొన్న కాయ చూపించారు. తిల్ల చెట్టు దగ్గరికి వచ్చేసరికి, "దాని పాలు కంట్లో పడ్డాయంటే ఇక అంతే" అంటూ పిల్లల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. ఏ క్లాసులోనూ ఇలా చెప్పరు.

పిల్లలు చూసొచ్చినవన్నీ కాగితం మీద గీస్తే, వాటిని తోలు మీదికి ఎక్కించింది మాధవపట్నం నుంచి వచ్చిన పెద్ద కళాకారుడు. మేకతోలు నానబెట్టి, బొచ్చు గీకి, మేకులు కొట్టి సాగదీసి ఆరబెట్టడం దగ్గర్నుంచి పిల్లలు పక్కనే ఉన్నారు. వాసనకి మొదట ముక్కులు మూసుకున్నారు, తర్వాత ఇంటికి పొమ్మన్నా పోలేదు. బొమ్మ ఒంటి మీద నగల కోసం చిన్న చిన్న ఉలులతో చిల్లులు పెడతారు కదా, మడలో చేపలు పట్టుకు తినే బావురుపిల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాసేపు ఆగి, "దీనికి చుక్కలే నగలు" అని ఒక్కో మచ్చా ఒక్కో చిల్లుగా కొట్టారు. తెర వెనక దీపం పెట్టాక ఆ పిల్లి ఒళ్ళంతా వెలిగిపోయింది.

కథ మనమే అల్లుకున్నాం. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్క ఉన్నారు కదా. కేతిగాడు రొయ్యల చెరువు తవ్వుతానని గొడ్డలి పట్టుకుని మడ నరకడానికి బయల్దేరతాడు, బంగారక్క వాణ్ణి చెడామడా తిడుతుంది, ఈలోగా తుఫాను వస్తుంది. యుద్ధం ఘట్టాల్లో కాళ్ళ కింద చెక్కలు తొక్కి చప్పుడు చేసే పద్ధతి ఉంది కదా, దాన్నే ఉప్పెనకి వాడారు. ఆ చప్పుడుకి ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు "అచ్చం తొంభై ఆరే" అనడం మైకులో కూడా వినిపించింది. 1996 నవంబరు 6 రాత్రి ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో, ఎవరి కొబ్బరితోట ఎలా పడిపోయిందో ఆట అయిపోయాక కూడా జనం చెప్పుకుంటూనే ఉన్నారు. రొయ్యల చెరువులున్న సభ్యులు కొందరు నొచ్చుకున్నట్టు తెలిసింది. కేతిగాడు ఎవరినీ వదలడు, మనసులో పెట్టుకోవద్దని మనవి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మన కుర్రాళ్ళు వెళ్ళి ప్రభ (దేవుణ్ణి పెట్టి ఊరేగించే కట్టడం) కట్టే తీరు బొమ్మలుగా గీసుకొచ్చారు. వెదురుతో కట్టడం, గుడ్డలు చుట్టడం, పచ్చటి చేల మధ్య నుంచి భుజాల మీద మోసుకురావడం, కౌశిక కాలువ దాటించడం, అన్నీ ఉన్నాయి. గుడి లేని కొబ్బరితోటలో ఏకాదశ రుద్రులు కలుసుకునే ఆ తీర్థంలో, ప్రభ వెళ్తుంటే చేను తొక్కుడుపడినా రైతు ఏమీ అనుకోడు. ఆ బొమ్మలు గ్రంథాలయంలో పెట్టాం, వీలు చూసుకుని చూడండి. ధనుర్మాసంలో బియ్యప్పిండి ముగ్గుల పోటీ, సముద్రపొడ్డున ఇసుకతో ఆలివ్ రిడ్లే తాబేలు బొమ్మ కూడా జరిగాయి.

ఇక చెప్పక తప్పని సంగతి. పడవల్లో పిల్లల్ని తిప్పడానికి అనుమతి కోరుతూ సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాం. వెళ్ళినప్పుడల్లా ఫైలు పైకి వెళ్ళిందనే చెప్పారు. ఎంత పైకో తెలియలేదు, పడవ కార్యక్రమం మాత్రం ఆగిపోయింది. మన వైపు సంగతీ ఏమంత గొప్పగా లేదు. వాట్సాప్ గ్రూపులో వేలు పైకెత్తినవాళ్ళంతా వచ్చి ఉంటే బొమ్మలాట రోజు తెర కట్టడానికి మైకు సెట్టు కుర్రాణ్ణి బతిమాలాల్సిన అవసరం ఉండేది కాదు. టెన్షన్‌తో ఆ పూట నాకు అన్నం సహించలేదు. పేర్లు రాయను, ఎవరి సంగతి వాళ్ళకి తెలుసు.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. తోలుకి, మైకుకి, భోజనాలకి పోగా మిగిలింది బ్యాంకులో ఉంది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

స్థలం ఇచ్చిన ఆలయ కమిటీకి, బల్లలు ఇచ్చిన హైస్కూలు ఉపాధ్యాయులకి, రాత్రి పొద్దుపోయేదాకా పులిహోర, టీ అందించిన మహిళా సంఘం అక్కలకి, అడిగిన వెంటనే చెక్కలు పంపిన పడవల మేస్త్రికి, కూలి తీసుకోని ఆటో డ్రైవరుకి, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లల్ని తోలు వాసనతో ఇంట్లోకి రానిచ్చిన తల్లులకి కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు మీ ముందు పెడుతోంది. 1996 తుఫాను చూసినవాళ్ళ మాటలు రికార్డు చేసి బుర్రకథగా కట్టించాలని మొదటిది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఈలోగా తల మీద గరగ (అలంకరించిన కుండ) పెట్టుకుని ఆడే గరగ నృత్యం నేర్పించి మన ఊరి నుంచి ఒక బృందాన్ని తయారుచేయాలని రెండోది. ఈ రెండింటికీ పేర్లు ఇవ్వడానికి ఒక కాగితం సభలో తిరుగుతుంది. పేరు ఎదురుగా ఏయే రోజుల్లో రాగలరో కూడా రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్న పేర్లు లెక్కలోకి తీసుకోం.

ఇట్లు,
కార్యదర్శి