వెనక సీటు

చి.ల.సౌ. బిడ్డకు, బాపు దీవించి రాయునది.

ఫోన్‌లో చెబుదామంటే నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. పక్కన అల్లుడు వింటాడు. మామ తనకే చురక పెడుతున్నాడనుకుంటే బాగుండదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

కార్తీక పౌర్ణమికి వేయి స్తంభాల గుడిలో దీపాలు పెట్టడానికి బండి మీద వస్తామన్నావట. రండి, బస్సులో రమ్మంటే మీరు ఎలాగూ వినరు. కానీ దసరాకు వచ్చినప్పుడు చూశాను. అల్లుడు హెల్మెట్ పెట్టుకున్నాడు, గడ్డం కింద పట్టీ కూడా బిగించాడు. నువ్వేమో తలకు చున్నీ చుట్టుకుని, రెండు కాళ్లూ ఒక పక్కకే వేసి కూర్చున్నావు. అమ్మ అడిగితే "నేను నడపను కదా" అన్నావు. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

నడిపేవాడి చేతిలో హ్యాండిల్ ఉంటుంది. గుంత కనపడగానే ఒళ్లు బిగబడతాడు. బ్రేక్ వేసేది తనే కాబట్టి కుదుపు ఎప్పుడు వస్తుందో తనకు ముందే తెలుసు. వెనక కూర్చున్నవాళ్లకు ఎదురుగా కనపడేది ఒక వీపు. పక్కకు కూర్చుంటే ఇంకా కష్టం. కాళ్లకు ఆనిక ఉండదు, ఒక చేత్తో భుజం పట్టుకుంటే రెండో చేతిలో సంచీ ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే వెల్లకిలా పడతారు, తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను కదా, గీత కూడా పడని బండ్లను అమ్మిపెట్టమని తెచ్చేవాళ్లను చూశాను. ఫోర్క్ వంగలేదు, ఇండికేటర్ పగల్లేదు, మరి ఎందుకు అమ్ముతున్నారంటే వెనక కూర్చున్నామె పడిపోయిందంటారు. ఆ తర్వాత నేను ఏమీ అడగను.

వేగంగా పోతేనే ప్రమాదమనీ అనుకోకు. మన షాపుకు వచ్చే ఎన్‌ఐటీ సారు ఒకాయన బిల్లు వెనక లెక్క వేసి చూపించారు. ఆగి ఉన్న బండి మీది నుంచి పడినా సరే, ఐదడుగుల ఎత్తు నుంచి తల నేలను తాకేసరికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు ఉంటుందట. తారు రోడ్డు మీద అది చాలు. పేపర్లో ఇంకో లెక్క చూసి కత్తిరించి పెట్టుకున్నాను. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. వాళ్లెవరూ బండి నడపలేదు బిడ్డా. చట్టం కూడా నడిపేవాళ్లని, కూర్చునేవాళ్లని తేడా చూడదు. నాలుగేళ్లు దాటితే బండి మీద ఎవరైనా హెల్మెట్ పెట్టుకోవాల్సిందే.

ఇక ఈ నెలలో మన దారి సంగతి నీకు తెలిసిందే. మానకొండూరు, హుజూరాబాద్, ఎల్కతుర్తి, ఎక్కడ చూసినా రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. రైతును ఏమనగలం? తేమ 17 శాతం దాటితే సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో తీసుకోరు, ఆరబోయడానికి ఊళ్లో కల్లాలు లేవు. కానీ రాత్రి కుప్ప చేసి, నల్ల పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఇంటికి పోతారు. ఎదురుగా గ్రానైట్ లారీ లైట్లు కళ్లలో పడితే ఆ రాయి కనపడదు. వడ్ల మీద టైరు జారితే ఎంత అనుభవమున్న చెయ్యికైనా బండి ఆగదు. అందుకే దీపాలు పెట్టిన రాత్రి ఇక్కడే ఉండి, తెల్లారాక బయలుదేరండి. అల్లుడికి సెలవు దొరకదంటే పొద్దున్నే వచ్చి పొద్దుగూకకముందే పోండి.

హెల్మెట్ నేనే కొంటాను, నువ్వు తొందరపడి రోడ్డు పక్కన పరదా మీద పెట్టి అమ్మేది తీసుకోకు. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి ఆర్డర్ ఉంది, అయినా అమ్ముతూనే ఉన్నారు. అలాంటి వాటిలో వేలితో నొక్కి చూస్తే మెత్తటి స్పాంజి, దాని వెనక ప్లాస్టిక్ చిప్ప, అంతే. అసలు పని చేసేది లోపలి థర్మాకోల్. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తలకు పోవాల్సిన దెబ్బను తను తీసుకుంటుంది. నలిగింది మళ్లీ లేవదు, కాబట్టి ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనపడ్డా పారేయాలి. ఇది అల్లుడికి కూడా వర్తిస్తుంది. తనది పెట్రోల్ గుడ్డతో తుడుస్తుంటాడు, అలా తుడిస్తే చిప్ప పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలని నువ్వే చెప్పు, నేను చెప్పానని మాత్రం చెప్పకు.

జడ గురించి నీకు బెంగ ఉంటుందని తెలుసు. కొప్పు పెడితే హెల్మెట్ సరిగా కూర్చోదు, మెడ దగ్గర కిందికి జడ వేసుకో. పూలు డబ్బాలో పెట్టి తెచ్చుకో, గుడి దగ్గర దిగాక అమ్మ పెడుతుంది. చున్నీ కొసలు ముడి వేసుకో, చక్రం లోపలికి పోవడం నేను చూశాను. వీలైతే ఆ రోజుకు డ్రెస్ వేసుకుని రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చో. చీర ఇక్కడ మార్చుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. జడ వేసుకున్నాక, కనుబొమల పైన వేలు వెడల్పు వదిలి, కుట్టుమిషన్ టేపుతో తల చుట్టూ కొలువు. ఎన్ని సెంటీమీటర్లో అమ్మ ఫోన్‌కు వాట్సాప్ చెయ్యి. పెట్టుకున్నప్పుడు చెంపలకు కాస్త బిగుతుగా అనిపించాలి, తల ఊపితే అది కూడా తలతో పాటే తిరగాలి, కాబట్టి గాలాడాలని సైజు పెంచి చెప్పకు. రంగు కూడా రాయి, లేకపోతే మీ అమ్మ ఎరుపే తెమ్మంటుంది.

మీ బాపు,
హనుమకొండ