జెనీవా నుంచి అమ్మమ్మకు

అమ్మమ్మా,

ఎలా ఉన్నావు? మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం చెల్లి చేత నిదానంగా చదివించుకో.

మొన్న శనివారం ఇక్కడి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫీసు వైపు వెళ్లాను. దాని ముందు మనుషుల బొమ్మలున్నాయి. అందులో ఒక ఆడపిల్ల టీకా వేయించుకోబోతోంది. మశూచి పీడ వదిలి ముప్పై ఏళ్లయిన గుర్తుగా 2010లో పెట్టారు. ఆ పిల్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. కళ్లముందు నువ్వే ఉన్నావు.

ఎనిమిదేళ్లప్పుడు నీకూ నీ తమ్ముడికీ ఒకేసారి అమ్మవారు పోసిందనీ, నువ్వు లేచావు, వాడు లేవలేదనీ నాకు ఒకే ఒక్కసారి చెప్పావు. అప్పుడు నాకు జడ వేస్తున్నావు. నీ మొహం నాకు కనిపించలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి.

ఆ జబ్బు వస్తే ముగ్గురిలో ఒకరు పోయేవారట. తగ్గించే మందు లేదు. అమ్మ బడికెళ్లే రోజులకి రెండు మొనల సూది వచ్చింది. దాన్ని టీకా మందులో ముంచి, ఒకేచోట పదిహేను పోట్లు పొడిచేవారు. అమ్మ జబ్బ మీద గుండ్రటి మచ్చ ఇంకా ఉంది కదా! మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది. 1977లో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటమనిషికి సోకింది, బతికాడు. మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం అతనితో ఆగిపోయింది. 1980 మే 8న, నేనుంటున్న ఈ ఊళ్లోనే, ఇక మశూచి లేదని దేశాలన్నీ కలిసి ప్రకటించాయి. నేను పుట్టేసరికి మన పిల్లలకి ఆ టీకా వేయడం మానేశారు.

నీ తొంభై ఏళ్లలో వచ్చిన మార్పులంటే అందరూ ఫోన్లు, విమానాలు, చంద్రుడి మీద దిగిన మనిషి అంటారు. నాకు మాత్రం నీ చెంపల నుంచి అమ్మ జబ్బకీ, అక్కడి నుంచి మచ్చలేని నా చేతికీ వచ్చిన ఈ దూరమే అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది.

ఫోటో అనగానే కొంగు చెంప మీదకి లాక్కుంటావు. నా పెళ్లి ఫోటోల్లోనూ సగం మొహమే ఉంది.

ఆదివారం వీడియో కాల్ చేస్తాను. పాప కొత్తగా వచ్చిన పన్ను నీకు చూపిస్తానంటోంది. ఫోన్ ఎదురుగా పట్టుకో అమ్మమ్మా, కొంగు అడ్డం పెట్టుకోకు. దానికి నీ మొహం మొత్తం కనిపించాలి.

నీ మనవరాలు