ఎలక్ట్రిక్ బైకులు ఉన్నవారికి

అందరికీ నమస్కారం. బెజవాడ ఎండలో తిరిగి వచ్చిన బండికి వెంటనే చార్జింగ్ పెట్టకండి. బ్యాటరీ పెట్టె మీద చెయ్యి ఆనించి చూడండి. వేడి తగులుతుంటే నీడలో ఉంచి, చల్లారాకే పెట్టండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ లిథియం సెల్స్‌కు మంచిది కాదు. ప్లగ్గు కాలుతోందంటే సాకెట్ వదులై ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పండగకు ఊరెళ్లేవారు సగం చార్జితో వదిలి వెళ్తే చాలు.

మెట్ల కింద చార్జింగ్ మాత్రం దయచేసి వద్దు. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే వైరు వేలాడుతోంది! మంటలు లేస్తే అందరం దిగాల్సిన దారి అదే కదా.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన బ్యాటరీలు ఇంకా ఎవరైనా దాచి ఉంచితే, పైకి ఆరినట్టు కనిపించినా చార్జింగ్ పెట్టకండి, సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి.