పిస్టన్ రైఫిల్ అన్నంత మాత్రాన సరిపోదు, విప్పి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో రైఫిళ్ళ గురించి అరపేజీ వ్యాసం వేశారు. ధర, బరువు రాశారు, రంగుల ఫొటో పెట్టారు. చివర "పిస్టన్‌తో పనిచేసేది కాబట్టి మొరాయించదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను సైన్యంలో ఇ.ఎం.ఇ. అనే మరమ్మతుల విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, 24 ఏళ్ళు పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు నకిరేకల్ దగ్గర మా ఊళ్ళో బత్తాయి తోట చూసుకుంటున్నాను. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పని నేర్చుకున్నప్పటి నుంచి నా చేతుల మీదుగా మన సైన్యపు రైఫిళ్ళు ఎస్.ఎల్.ఆర్.లు ఎన్ని, ఇన్సాస్‌లు ఎన్ని పోయాయో లెక్క లేదు. మీ వ్యాసంలోని ఆ ముక్క చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లె కొడుకు మీ వ్యాసాన్ని ఫోన్లో చదివి మర్నాడే నాకు ఫోన్ చేశాడు. ఆదివారాలు అక్కడి రేంజికి పోయి గురి కొట్టడం వాడికి అలవాటు. "మామా, గ్రీన్ కార్డు వచ్చింది గదా, ఇక్కడి దుకాణంల ఒక సెమీ ఆటోమేటిక్ చూసిన. ఏ.ఆర్. రకమే గని పిస్టన్‌ది. ఒకలు వాడిందే అయినా కొత్తదాని లెక్క మెరుస్తున్నది. తీసుకోమంటవా?" అన్నాడు. "పైసలియ్యకు బిడ్డా, ముందు విప్పించి లోపలి ఫొటోలు పంపు" అన్నాను. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క తూటా కాల్చేది. ఏ.ఆర్. అంటే అమెరికాలో జనం బాగా వాడే ఒక రైఫిల్ రకం.

పిస్టన్ అంటే ఏమిటో మన రైతులకు కొత్తగా చెప్పనక్కర లేదు, డీజిల్ ఇంజన్ విప్పినవాళ్ళే అందరూ. తూటా బారెల్‌లో పోతుండగా దాని వెనకాల ఉన్న గ్యాసులో కొంత చిన్న రంధ్రం గుండా పైకి వస్తుంది. మామూలు ఏ.ఆర్.లో ఆ గ్యాసు సన్నటి గొట్టంలో వెనక్కి పోయి నేరుగా బోల్ట్ క్యారియర్‌లోకే (బారెల్ వెనక మూతలా పనిచేసే బోల్ట్‌ను మోస్తూ ముందుకీ వెనక్కీ కదిలే భాగం) దూరుతుంది. అందుకే అక్కడంతా వేడి, మసి. పిస్టన్ రకంలో గ్యాసు రైఫిల్ ముందు భాగంలోనే ఆగిపోతుంది. ఒక ఇనుప కడ్డీ వెనక్కి వచ్చి క్యారియర్‌ను గుద్దుతుంది. మన ఎస్.ఎల్.ఆర్.లో ఆ కడ్డీ ఒక్క దెబ్బ కొట్టి తన స్ప్రింగుతో తన చోటికి పోతుంది. ఇన్సాస్‌లో కడ్డీ, క్యారియర్ ఒకటిగా కలిసి కదులుతాయి.

అయితే పిస్టన్ పెట్టినంత మాత్రాన మసి ఎటూ పోదు, దాని చోటు మారుతుంది, అంతే. ఎస్.ఎల్.ఆర్. ముందుండే గ్యాస్ ప్లగ్ అనే మూత దగ్గర, పిస్టన్ తల మీద రాయిలా గట్టిపడిన మసిని గీకడంలోనే నా ఉద్యోగంలో సగం పొద్దులు గడిచాయి. బోల్ట్ తళతళలాడుతూ ఉంటుంది, ముందు భాగంలో చూస్తే గ్యాసు ఎంత రావాలో సరిచేసే రెగ్యులేటర్ చేత్తో తిరగనంతగా బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే పిస్టన్ రైఫిల్ చేతికి వస్తే, అది ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక, నేను మొదట ముట్టుకునేది రెగ్యులేటర్‌నే. దాని గుర్తుల మధ్య అది సాఫీగా తిరగాలి. పిస్టన్ బయటికి తీస్తే జారినట్టు రావాలి. కడ్డీ వెనక కొస సుత్తి దెబ్బలు తిన్న గూటంలా అంచులు విచ్చుకుని ఉండకూడదు.

మేనల్లుడు పంపిన ఫొటోల్లో ఇవన్నీ బాగానే ఉన్నాయి. తప్పు వేరే చోట దొరికింది. ఏ.ఆర్. మొదట పిస్టన్ కోసం గీసిన రైఫిల్ కాదు. కడ్డీ దెబ్బ క్యారియర్ పైభాగాన పడుతుంది. పైన తోస్తే వెనక తోక కిందికి వంగుతుంది కదా, ఆ తోక బట్ (భుజానికి ఆనించే భాగం) లోపల క్యారియర్ వెనక్కి వచ్చి పోయే బఫర్ గొట్టం అడుగును ప్రతిసారీ రాసుకుంటుంది. మంచి తయారీదారులు క్యారియర్ వెనక భాగాన్ని దీనికి తగ్గట్టు మలుస్తారు. వీడు చూసిన దాంట్లో మాత్రం గొట్టం మూతి లోపల, కింది వైపు, గోరు దిగేంత గాడి ఉంది. పైన కొత్త రంగు, లోపల ఆ గాడి! "ఇదొద్దు బిడ్డా" అన్నాను. దుకాణం అతను "అది మామూలే" అన్నాడట. మెరుపు లాంటి సన్నటి రాపిడి మామూలే, గాడి మామూలు కాదు.

ఇంకో సంగతి, విడిభాగాలు. మామూలు ఏ.ఆర్. సామాను ఒక కంపెనీది ఇంకో కంపెనీదానికి చాలా మటుకు సరిపోతుంది. పిస్టన్ సామానుకు అలాంటి ఉమ్మడి కొలత లేదు. ఆ కంపెనీ రేపు ఆ రకం ఆపేస్తే చిన్న స్ప్రింగు కోసం తిరగాల్సి వస్తుంది. రైఫిల్ ముందు భాగం బరువు కూడా పెరుగుతుంది. అయిదు నిమిషాలు భుజానికి ఎత్తి పట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. దుకాణంలో అర నిమిషం పట్టుకుని తేలిగ్గానే ఉందనుకుంటే లాభం లేదు.

మా నాయిన అంగడిలో ఎడ్లను కొనేటప్పుడు బండికి కట్టి నడిపించందే బేరమాడేవాడు కాదు. రైఫిలూ అంతే, కాల్చి చూడాలి. మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి కాల్చి, బోల్ట్ వెనక్కి పోయి ఆగుతుందా చూడాలి. ఖాళీ తొడుగులు ఎటు పడుతున్నాయో గమనించాలి. కుడి పక్కకు పడితే సరే. ముందుకు విసురుతుంటే గ్యాసు ఎక్కువైందని, వెనక్కి కాళ్ళ దగ్గర రాలుతుంటే చాలడం లేదని అనుమానించాలి. రెండు మూడు రకాల తూటాలతో చూడాలి. బారెల్ చల్లగా ఉన్నప్పుడు 5, వేడెక్కాక 5 కాల్చి ఆ రెండు గుంపులూ ఒకేచోట పడుతున్నాయా పోల్చాలి. మ్యాగజైన్ల సంగతి చిన్నచూపు చూడొద్దు. 1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ మ్యాగజైన్లు పగిలాయని మీ పత్రికల్లోనే వచ్చింది.

ఇక మీ వ్యాసంలో అసలే లేని విషయం చట్టం. మా మండలంలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారనిపిస్తుంది, చాలామంది చదువుకునే పిల్లలు. స్టూడెంట్ వీసా మీదో హెచ్-1బి మీదో ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం అంతకంటే పెద్ద ముప్పు, ఫారంలో అబద్ధం రాసినందుకు ఇద్దరూ ఇరుక్కుంటారు. మేనల్లుడితో ఉండే కుర్రాడొకడు సరిగ్గా ఇదే అడిగాడట. వాడి తల్లిదండ్రులు ఇక్కడ రెండెకరాలు అమ్మి పంపించారు. ఇక మన దగ్గర 7.62, 5.56 మిల్లీమీటర్ల లాంటి సైనిక బోర్లు (బారెల్ లోపలి కొలతలు) సామాన్యులకు నిషిద్ధం. మామూలు బోరు తుపాకీకి కూడా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు.

మేనల్లుడు ఆ రైఫిల్ వదిలేశాడు. వచ్చే నెల ఇంకో ఊళ్ళో ఒకటి చూస్తానన్నాడు. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది కాబట్టి తాళం పడే ఇనుప పెట్టె ముందు కొనమన్నాను, కొన్నాడు.

క్యారియర్ తోక ఎక్కడ రాసుకుంటుందో నోటుబుక్కు కాగితం మీద బొమ్మ గీసి దీనికి జత చేస్తున్నాను. చోటు లేకపోతే బొమ్మ తీసేయండి, వీసాల గురించి రాసిన నాలుగు వాక్యాలు మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దార్,
నకిరేకల్ మండలం, నల్లగొండ జిల్లా