ఎవరిని అడిగారో చెప్పని సర్వేలు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ బడుల వేళల మార్పుపై గత ఆదివారం మీ పత్రిక మొదటి పేజీలో వచ్చిన వార్తకు ‘తల్లిదండ్రుల్లో అత్యధికులు వ్యతిరేకం’ అని శీర్షిక పెట్టారు. ఆధారం ఏమిటా అని లోపలి పేజీలో వెతికితే, మీ వెబ్‌సైటులో కొన్ని రోజులు ఉంచిన ఓటింగ్ అని చిన్న అక్షరాల్లో కనిపించింది. వేళలు మార్చాలా, వద్దా అన్న చర్చలోకి నేను వెళ్లను. అక్కడ బటన్ నొక్కినవారంతా ప్రభుత్వ బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులేనని మీకు ఎలా తెలిసింది?

ఎవరి తరఫున మాట చెబుతున్నామో ఆ మొత్తం సమూహాన్ని గణాంకశాస్త్రం జనాభా అంటుంది. అందులోంచి మనం అడిగి చూసిన కొద్దిమంది నమూనా. మీ వార్తలో జనాభా ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు. పొద్దున్నే కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు వారిలో ఎందరో ఉన్నారు. మీ వెబ్‌సైటు తెరిచి అభిప్రాయం నమోదు చేసే తీరిక వారిలో ఎందరికి ఉంటుంది? పిల్లలను ప్రైవేటు బడికి పంపేవారికీ, అసలు పిల్లలే లేనివారికీ, డల్లాస్‌లోనో దుబాయిలోనో ఉండి తెలుగు వార్తలు చదివేవారికీ మాత్రం అదే బటన్ అందుబాటులో ఉంది. ఒకే మనిషి రెండు ఫోన్ల నుంచి నొక్కితే ఇద్దరి కింద లెక్క పడే వీలూ ఉంది.

వేలమంది పాల్గొన్నారు కదా అని మీ విలేకరి రాశారు. సంఖ్య పెద్దదైతే ఈ లోపం పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని ప్రకటించింది. తీరా ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కారు యజమానుల జాబితాల నుంచీ తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇంట్లో ఫోను, వాకిట్లో కారు ఎవరికి ఉంటాయో వేరే చెప్పాలా? పైగా బ్యాలెట్ అందినవారిలోనూ నాలుగో వంతు మందే జవాబు రాశారు. అదే ఎన్నికలో అభిప్రాయ సర్వేల నిపుణుడు జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో రూజ్‌వెల్ట్ గెలుపును ముందే చెప్పారు. ఆ వారపత్రిక 1938లో మూతపడింది. ఒక సంపాదకుడికి ఈ కథ చెప్పడంలో కొంత కొంటెతనం ఉందని ఒప్పుకుంటాను.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలదా అంటారు. చాలు, ఎందుకంటే ఎసరు కుండంతా ఒకేలా మరుగుతుంది. ఊరికో తీరుగా, వీధికో తీరుగా బతికే మనుషుల్లో ఏ మెతుకు చేతికి వస్తే దాన్ని నొక్కి తీర్పు చెప్పలేం.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అర్థగణాంక శాఖలో, పంట కోత ప్రయోగాల మధ్య గడిచింది. మండలంలో వరి సగటు దిగుబడి ఎంతో తేల్చడానికి పొలాలన్నీ కోసి తూచలేం కదా. అక్కడ జనాభా అంటే వరి వేసిన పొలాలన్నీ. కొన్ని గ్రామాలు, ఆ గ్రామాల్లో కొన్ని సర్వే నంబర్లు, వాటిలో ఒక పొలం, అన్నీ యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారమే, అంటే లాటరీ తీసినట్టు ఎవరి ఇష్టానికీ చోటు లేకుండా, ఎంపికవుతాయి. పొలానికి చేరాక కూడా నచ్చినచోట కొడవలి పెట్టడానికి వీల్లేదు. నైరుతి మూలన నిలబడి, ఆ సంఖ్యల పట్టికలో వచ్చినన్ని అడుగులు పొడవునా, వచ్చినన్ని అడ్డంగా వేసి, ఆగినచోట మేకు దిగ్గొట్టి, అయిదు మీటర్ల చదరానికి తాడు కట్టాలి. లోపలి పంటను కోసి, నూర్చి, తూర్పారబట్టి తూచాలి.

అడుగులు ఆగినచోట నేల చవుడు కావచ్చు, పైరు పడిపోయి ఉండవచ్చు. పంటల బీమా ఉన్న ఏడాది రైతులు ‘ఆ పోయినచోటే కోయండి సార్’ అని బతిమాలేవారు. దిగుబడి బాగుందని చూపించుకోవాలనుకునే పెద్దలు ఏపుగా ఉన్న పక్క మడి వైపు కళ్లు తిప్పేవారు. ఎవరి మాటా వినకూడదు. రోడ్డు పక్క పొలమైతే నడక తప్పుతుందని గొణిగే మా బద్ధకం మాట అసలే వినకూడదు. తాడు దగ్గర మరో పేచీ ఉంది. తాడు కిందికి వచ్చిన దుబ్బు లోపలిదా, బయటిదా? కోసే చేతికి ఎప్పుడూ లోపలిదేననిపిస్తుంది. కోసే ముక్క చిన్నదైనకొద్దీ అంచు వాటా పెరుగుతుంది కనుక దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎంత ముక్క కోయాలన్నదానిపై మహలనోబిస్, సుఖాత్మె వంటి గణాంకశాస్త్ర ఉద్దండులు 1940లలో గట్టిగా వాదించుకున్నారు. నాలుగు దుబ్బుల కోసం అంత పట్టింపు ఉన్న శాస్త్రాన్ని చదివినవాడికి మీ ఆదివారం శీర్షిక మింగుడుపడదు.

సరిగ్గా ఎంచిన చిన్న నమూనాను నేను తక్కువ చేయను. యాదృచ్ఛికంగా ఎంచిన వెయ్యి మందిని అడిగితే, వచ్చిన శాతం నూటికి 95 సార్లు అసలు శాతానికి మూడు పాయింట్లు అటూఇటూగా ఉంటుంది. రాష్ట్రమంతటికైనా, దేశమంతటికైనా ఆ లెక్క దాదాపు ఒకటే. వెయ్యి మందితో కోట్లమంది సంగతి ఎలా తెలుస్తుందని అడిగే మిత్రులను నేను ఇప్పటికీ ఒప్పించలేకపోతున్నాను, అది వేరే సంగతి. కానీ ఆ వెయ్యిని ముక్కలు చేస్తే హామీ పోతుంది. ఇటీవల మీరే వేసిన మరో సర్వేలో వెయ్యి మంది జవాబులను తెలంగాణలోని 33 జిల్లాలకూ పంచి, జిల్లాకో శాతం చొప్పున రంగుల పటం గీశారు. జిల్లాకు ముప్పై మంది! అక్కడ అటూఇటూ 18 పాయింట్ల దాకా తేడా రావచ్చు. మీరు 52 అని వేసిన జిల్లాలో అసలు సంఖ్య 34 కావచ్చు, 70 కావచ్చు. పక్క జిల్లాలో 47 వచ్చిందని రంగు మార్చడంలో అర్థం లేదు.

నమూనా తీయడానికి ముందు జనాభా జాబితా సరిగా ఉండాలి. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. 2019–21లో ఆరు లక్షలకు పైగా ఇళ్లను కలిసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా గ్రామాలనూ పట్టణ బ్లాకులనూ 2011 జనగణన జాబితా నుంచే ఎంచుకోవాల్సి వచ్చింది. ఎంచినచోట ఇళ్ల జాబితాను కొత్తగా రాసుకుని, అందులోంచి ఇళ్లను తీశారు కాబట్టి కొంత నయం. హైదరాబాద్ చుట్టూ ఆ తర్వాత లేచిన కాలనీలు పాత జాబితాలో ఎక్కడుంటాయి? దీనికి మీ పత్రిక బాధ్యత లేదు. అయినా ఒక సంపాదకీయం రాయదగిన విషయమే.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఎన్నికల సర్వేలను ప్రచురించేటప్పుడు సర్వే చేసిందెవరు, చేయించిందెవరు, నమూనా ఎంత, ఎలాంటిది, ఎలా ఎంచారు, పొరపాటు పరిధి (అటూఇటూ ఎన్ని పాయింట్లు) ఎంత అన్నవి ప్రముఖంగా తెలపాలని భారత ప్రెస్ కౌన్సిల్ 1996లోనే మార్గదర్శకాలిచ్చింది. అది ఎన్నికలకే కదా అని మీరు అనవచ్చు. బడుల వేళలైనా, బస్సు చార్జీలైనా పాఠకుడికి ఆ వివరాలతో ఉండే అవసరం ఒకటే. వాటికి తోడు, ఎంతమందిని అడిగితే ఎంతమంది జవాబిచ్చారు, అడిగిన ప్రశ్న ఏమిటి అన్నవి కూడా ఉన్నదున్నట్టు వేయండి. వెబ్‌సైటు ఓటింగ్ ఫలితాన్ని ‘మా వెబ్‌సైటు చూసినవారిలో ఓటు వేసినవారి అభిప్రాయం’ అని రాస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. శీర్షిక పొడవు పెరుగుతుందంటారేమో, రెండు వరుసల్లో వేయండి. ఆదివారం వార్తకు సవరణ కూడా అదే మొదటి పేజీలో రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
అర్థగణాంక శాఖ విశ్రాంత ఉద్యోగి,
నల్గొండ