పసిపిల్లల చదువులో అమ్మానాన్నల పని దిద్దించడం ఒక్కటేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. చాలా ఏళ్లుగా పూర్వ ప్రాథమిక తరగతుల పిల్లలకు చదువు చెబుతున్న ఉపాధ్యాయురాలిని. చిన్నపిల్లల చదువులో తల్లిదండ్రులు పాలుపంచుకోవాలని అందరూ అంటారు గానీ, ఆ పాలుపంచుకోవడం హోంవర్క్ దగ్గరే ఆగిపోతుండటం చూసి బాధ కలిగి ఈ లేఖ రాస్తున్నాను.

నా తరగతిలో ఒక నాలుగేళ్ల పాప రోజూ నోటుపుస్తకం నిండా గుండ్రటి అక్షరాలతో వచ్చేది. వాటిలో సగం వాళ్లమ్మ రాసినవేనని చూడగానే తెలిసిపోయేది. మిగతావి పాప వేళ్ల మీద తన వేళ్లు బిగించి రాయించినవి కావడంతో, పెన్సిల్ ఒత్తిడికి కాగితం వెనకవైపు గీతలు ఉబ్బి కనిపించేవి. ఆ తల్లిని తప్పుపట్టలేను. పగలంతా పనిచేసి వచ్చి, నిద్రకు తూగుతున్న బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తనకు తెలిసినంతలో ఆమె చేయగలిగింది చేసింది. నాలుగేళ్ల బిడ్డకు పేజీలకు పేజీలు రాతపని ఇచ్చి పంపిన బడిదే తప్పు, అందులో నా వంతూ ఉంది.

రాత కంటే ముందు పిల్లలకు కావలసింది మాట, అదీ తమ వైపు చూస్తూ, తాము చెప్పేది వింటూ మాట్లాడే మనిషి మాట. 2003లో పసిపిల్లలు భాష నేర్చుకునే తీరును పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లతో చేసిన ప్రయోగం ఈ సంగతిని చక్కగా చూపింది. చైనా భాష అయిన మాండరిన్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ, పుస్తకాలు చదివి వినిపించినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల మధ్య తేడాను పట్టుకోగలిగారు. అదంతా టీవీ తెర మీద చూపినప్పుడు మాత్రం పట్టుకోలేకపోయారు. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పాటలతో అక్షరాలు నేర్పుతుందని ఫోన్ చేతికిచ్చే తల్లిదండ్రులు ఈ రెండు విషయాలనూ గమనించాలని నా మనవి.

"నాకే చదువు రాదు మేడమ్, వాడికి నేనేం చెప్పగలను?" అని ఒక తండ్రి నాతో అన్నాడు. తల్లిదండ్రులను గంటసేపు తరగతిలో కూర్చోమని పిలిచిన రోజు అది. ఆయన చేతికి అక్షరాల్లేని బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చాను. పిల్లవాడు కథలోని ఏనుగును వదిలేసి, పేజీ మూలన ఉన్న చీమ మీద వేలు పెట్టాడు. తండ్రి పేజీ తిప్పేయకుండా, "ఇదెక్కడికి పోతోందిరా?" అని అడిగాడు. తరగతిలో నోరు విప్పని ఆ పిల్లవాడు చీమ ఇల్లు, చీమ వాళ్లమ్మ, దారిలో వచ్చిన వాన అంటూ ఆపకుండా చెప్పుకుపోయాడు. ఏ వర్క్‌షీటూ రాబట్టలేనన్ని వాక్యాలు ఆ ఒక్క ప్రశ్నతో వచ్చాయి.

ఇది చదువుకున్నవారికో, డబ్బున్నవారికో మాత్రమే సాధ్యమనుకోవడం పొరపాటు. జమైకాలో 1986-87లో మొదలైన ఒక అధ్యయనంలో, ఎదుగుదల కుంటుపడిన పేద పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి తోడ్పాటు అందని పిల్లల సంపాదన కంటే దాదాపు 25 శాతం ఎక్కువగా ఉంది. తల్లికీ బిడ్డకూ మధ్య ఆటలూ కబుర్లూ పెంచడానికి పట్టిన శ్రమ వారానికి ఒక గంట.

కాబట్టి బడులను నేను కోరేది ఇది. పేరెంట్స్ మీటింగ్ అంటే ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టకండి. తల్లిదండ్రులను తరగతిలో కూర్చోనివ్వండి, పని వేళలు కుదరని వారికి సెలవు రోజున అవకాశం ఇవ్వండి. రాతపనికి బదులు వారానికొక బొమ్మల పుస్తకం ఇంటికి పంపండి. అది చిరిగి తిరిగొస్తే కోప్పడకండి, పిల్లలు చదివిన పుస్తకం చిరుగుతుంది.

సంపాదకులకు కూడా ఒక విన్నపం. మీ పిల్లల పేజీలో ప్రతి వారం, పెద్దలు ఐదారేళ్లలోపు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పగలిగే బొమ్మల కథ ఒకటి, పెద్ద అక్షరాల్లో, తక్కువ మాటలతో వేయండి. దానికి కథలు రాసిచ్చేందుకు నాలాంటి ఉపాధ్యాయులు సంతోషంగా ముందుకొస్తారు.

ఇట్లు,
ఒక పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలు