అరవై రెండు ఎకరాల సంగతి

చి. ల. సౌ. సుభద్రకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

దీపావళి వెళ్ళిన తరువాత నీ నుంచి పొడి పొడి సందేశాలు తప్ప మాట లేదు. పని ఒత్తిడి అయి ఉంటుందని మీ అమ్మ అంటోంది, నేనూ అదే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు. అల్లుడు పీటరు వేసవిలో పంపిన వంశవృక్షాన్ని గోపాలం చేత పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, బల్ల మీద పరచుకొని తీరికగా చదువుతున్నాను కనుక, తోచిన నాలుగు మాటలు వ్రాద్దామని కూర్చున్నాను. తాడిగడప స్థలం ఇప్పుడు గజం ఎంత పలుకుతోందని నువ్వు మురళిని అడిగావట. ఊరికే అడిగి ఉంటావు. వాడు సరోజినితో అన్నాడు, సరోజిని మీ అమ్మతో అన్నది, అంతే.

పటం బాగుంది. మీ న్యూయార్కు రాష్ట్రంలోని కింగ్‌స్టన్ డచ్చి చర్చిలో 1660 నుంచి వ్రాసిన బాప్టిజం పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతున్నాయంటే ఆశ్చర్యమే. 1777 అక్టోబరులో బ్రిటిష్ సైన్యం ఆ ఊరినీ ఆ చర్చినీ తగలబెట్టినా, పుస్తకాలు మాత్రం బతికి బయటపడ్డాయి. మన రికార్డు గదుల్లో ఒక్క వానాకాలం తట్టుకోలేని కాగితాలను చూసినవాణ్ణి కాబట్టి ఆ కాపాడినవారికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. అయితే ఆ పుస్తకాలు చదివేటప్పుడు బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లతో ఆగిపోకు. పక్కన సాక్షులుగా ఎవరిని వ్రాశారో కూడా ఎత్తి వ్రాసుకో. ఆ డచ్చి వారిలో తండ్రి పేరే బిడ్డకు ఇంటిపేరు; యాన్ కొడుకులందరూ యాన్సెన్లే కనుక, ఒకే కాలంలో ఒకే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రూలోఫ్ యాన్సెన్లు ఉంటే ఎవరు ఎవరో తేల్చగలిగేది ఆ సాక్షులే. సాధారణంగా వాళ్ళు మేనమామలో, మేనత్తలో, తాతమ్మలో అయి ఉంటారు. తేదీల దగ్గర కూడా జాగ్రత్త. ఇంగ్లీషు వారి లెక్కలో 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, డచ్చి వారికి జనవరి ఒకటినే. అందుకే ఫిబ్రవరి నాటి ఒక దస్తావేజు ఒకచోట 1670 అనీ మరోచోట 1671 అనీ కనిపిస్తే అది రెండు దస్తావేజులని భ్రమపడవద్దు.

మీ అత్తగారి వైపు వరుస పైకి పోతూ పోతూ పన్నెండో తరంలో అన్నెకె యాన్స్ దగ్గర ఆగిందని పీటరు ఎర్రసిరాతో గుర్తు పెట్టాడు. ఆ పేరు చూసిన తరువాతే స్థలం ధర సంగతి నా మనసులో కాస్త మెదిలింది, అంతకుముందు మెదలలేదు. ఎందుకంటే ఆ పేరు మీద అమెరికాలో ఎంతమంది కొంపలు గుల్లయ్యాయో చదివినకొద్దీ నాకు నిద్ర పట్టడం లేదు. ఆమె కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి దస్తావేజుల వరుసలో పెట్టి చెప్తాను. ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ శాఖలో గడిపినవాడికి కథ మరో విధంగా కనపడదు.

అన్నెకె పుట్టింది నార్వేలో ఫ్లెక్కెరాయ్ అనే దీవిలో. మొదటి భర్త రూలోఫ్ యాన్సెన్‌తో, చిన్నపిల్లలతో 1630లో ఓడ దిగి, ఇప్పటి ఆల్బనీ పక్కన కిలియాన్ వాన్ రెన్సలర్ అనే వజ్రాల వ్యాపారి జమీనులో సేద్యానికి కుదిరింది. ఆ జమీందారు ఆమ్‌స్టర్‌డామ్‌లోనే కూర్చుని ఉత్తరాలతో పెత్తనం చేసేవాడు, తన భూమిలో ఒక్కసారీ కాలు పెట్టలేదు. అక్కడ పొసగక వీళ్ళు మన్‌హాటన్‌కు వచ్చారు. 1636లో డచ్చి కంపెనీ గవర్నరు వాన్ ట్విల్లర్ హడ్సన్ నది ఒడ్డున రూలోఫ్‌కు 31 మోర్గెన్ల నేల, అంటే సుమారు 62 ఎకరాలు పట్టా ఇచ్చాడు. ఏడాది తిరగకుండానే అతడు పోయాడు. అన్నెకె 1638లో బొగార్డస్ అనే పాదిరీని పెళ్ళాడి మరో నలుగురు కొడుకులను కన్నది. ఆ పాదిరీ గవర్నరు కీఫ్ట్‌తో వేదిక మీదనుంచే కయ్యాలాడి, తగవు తీర్చుకోవడానికి 1647లో హాలండ్ బయలుదేరితే, ఆ గవర్నరూ అదే ఓడలో ఎక్కాడు. వేల్స్ తీరాన స్వాన్సీ దగ్గర ఓడ మునిగి ఇద్దరూ పోయారు. రెండోసారి విధవ అయిన ఆమె ఆల్బనీ చేరి, 1654లో అప్పటి డచ్చి గవర్నరు స్టైవెసంట్ చేత పట్టా తన పేరున ఖాయం చేయించుకొని, 1663 జనవరిలో వీలునామా వ్రాసింది. మొదటి భర్త పిల్లలకు ముందుగా వెయ్యి గిల్డర్లు, ఆపైన పిల్లలందరికీ సమానం. ఆడపిల్లలకూ సమానమే, గమనించు; డచ్చి వారి చట్టంలో అది మామూలు. మన ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన రామారావుగారి చట్టం 1986లో వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎంత గగ్గోలు పుట్టిందో నీకు చెప్పాను.

ఇక అసలు పేచీ. 1664లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్, అంటే ఇప్పటి న్యూయార్కు, ఇంగ్లీషు వారి చేతికి వచ్చింది, 1667లో వారి గవర్నరు నికొల్స్ ఆ పట్టాను వారసుల పేరున ఖాయపరిచాడు. 1671లో వారసులు పొలాన్ని అప్పటి గవర్నరు ఫ్రాన్సిస్ లవ్‌లేస్‌కు అమ్మారు, కాని దస్తావేజు మీద ఒక వాటాదారు సంతకం లేదు. కొడుకు కార్నెలిస్ అప్పటికే చనిపోయాడు, అతని వైపువారు చేరలేదు. అంతే, ఆ ఒక్క సంతకం! తరువాత లవ్‌లేస్ అప్పుల కింద ఆ భూమి డ్యూక్ ఆఫ్ యార్క్ వశమైంది, ఆయన రాజు కావడంతో సర్కారు భూమి అయింది, 1705లో ఆన్ రాణి పేరున పక్క పొలంతో కలిపి ట్రినిటీ చర్చికి దఖలు పడింది. అప్పుడు అది మామూలు పొలం. ఇప్పుడు బ్రాడ్‌వేకు పడమటి వైపు నిలువెత్తు మేడలు. నగరం పెరిగినకొద్దీ వారసులకు ఆ లేని సంతకం గుర్తుకు రావడం మొదలైంది.

ఇటువంటి సంతకం కోసం కోర్టుకెక్కినవారిని నేను తప్పుపట్టను. వాటాదారు చేరని విక్రయం అతని వాటాను కట్టివేయదు, నేనే ఎన్ని దస్తావేజులు వెనక్కి పంపలేదు! కాని కాలం అనేది ఒకటుంది. ఇక్కడ పన్నెండేళ్ళు నోరు మూసుకు కూర్చుంటే ప్రతికూల స్వాధీనం కింద హక్కు పోతుంది. అక్కడ వంద సంవత్సరాలకు పైగా చర్చి అనుభవంలో ఉన్న భూమి మీద, అన్నెకె వారసులలో ఒకరు వేసిన దావాను 1847లో న్యూయార్కు న్యాయస్థానం కొట్టివేసింది. అంత పాత స్వాధీనాన్ని కదిలిస్తే రాష్ట్రంలో ఏ పట్టా నిలవదని ఆ తీర్పు సారం. చట్టం దృష్టిలో అక్కడితో సంగతి తేలిపోయింది, వ్యాపారం మాత్రం ఆగలేదు. ఆ తరువాత వారసుల సంఘాలట, చందాలట, తమ తరఫున వ్యవహరించే హక్కు ఇచ్చే ముక్త్యారునామాలట. అన్నెకె ఆరెంజ్ రాజకుమారుడు విలియం మనుమరాలనీ, హాలండ్‌లో ఏడో తరానికి దక్కవలసిన నిధి ఉన్నదనీ కథలు అల్లారు. ఆమె తల్లి ట్రైన్ యోనస్ న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో కంపెనీ నియమించిన మంత్రసాని. రాకుమారుడి కూతురో కోడలో అయిన మనిషి కంపెనీ జీతానికి పురుళ్ళు పోస్తుందా అని ఒక్కరైనా అడిగి ఉంటే ఎంతో డబ్బు మిగిలేది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న మాట ఖండాంతరాలలోనూ చెల్లుతుంది కాబోలు.

అమ్మా, సూటిగానే అడుగుతున్నాను. పీటరుకు ఎవరైనా పెద్దమనుషులు ఉత్తరం వ్రాసి, వారసుల పట్టికలో పేరు చేర్చడానికి రుసుము అడిగారా? ఏ కాగితం మీదనైనా ముక్త్యారు ఇచ్చి సంతకం చేశారా? మురళి చెప్పినదాంట్లో ఇదేమీ లేదు, వాడు స్థలం మాటే అన్నాడు. ఊహ నాదే.

ఒక చిన్న లెక్క చెప్తాను, నీకు లెక్కలంటే ఇష్టం. ఆ కోర్టులు, కాలపరిమితి, రాణిగారి దఖలు అన్నీ పక్కన పెట్టి, రేపు ఉదయం ఆ భూమి మొత్తం వారసులకు పంచారనుకో. 62 ఎకరాలంటే 3,00,080 చదరపు గజాలు. ఆమె సంతానం పన్నెండు తరాలలో మూడు లక్షల మంది అయితే మనిషికి ఒక గజం. అంతకు మించి ఉంటారని నాకు అనుమానం. తాడిగడపలో నీకు రెండువందల గజాలు ఉన్నాయి, ఈసీ శుభ్రంగా ఉంది, హద్దురాళ్ళు నేనే పాతించాను. అది అమ్మి ఇది వెతకడం ఏ శాస్త్రం? అమ్ముతున్నావని నేను అనలేదు.

పీటరు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాడనీ, అందులో ఆ వంశంవారితో పోలిక వచ్చిందనీ నువ్వే అన్నావు. చాలా మంచిది, కాని దానితో రుజువు కాదు. పన్నెండు తరాలు పైకి పోతే ఆ వరుసలో 4,096 స్థానాలు ఉంటాయి. అంత దూరపు పూర్వీకురాలి నుంచి రక్తంలో ఒక్క ముక్కయినా దిగి రాకపోవడానికే అవకాశం ఎక్కువ. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే పోయే వై క్రోమోజోము మగవరుసకు పనికివస్తుంది, మీ అత్తగారి వరుసకు కాదు. కనుక కాగితమే శరణ్యం. ఆ కాగితం కూడా ఆల్బనీలో 1911 మార్చిలో రాష్ట్ర గ్రంథాలయం తగలబడినప్పుడు అంచులు కాలిన కాగితం. డచ్చి సంపుటాలు కింది అరల్లో, ఇంగ్లీషు సంపుటాల అడుగున ఉండబట్టి చాలామటుకు మిగిలాయట. పందొమ్మిదో శతాబ్దపు అచ్చు వంశావళులలో ఎవరెవరో తమకు తోచిన తల్లిని తగిలించారు కనుక, 1974 నుంచి ఆల్బనీలో కొత్తగా చేస్తున్న అనువాదాలనూ, అసలు పత్రాల ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకొని చదువు. అందుకోసం మంచులో ఆల్బనీ దాకా కారు నడపనక్కరలేదు; అవి ఇంట్లోనే కంప్యూటరులో తెరుచుకుంటాయని గోపాలం చూపించాడు. తప్పనిసరి అయితే పీటరును నడపమను, మంచుకాలపు టైర్లు మార్పించమను, కారులో కంబళి, వేన్నీళ్ళ సీసా ఉంచుకో. తెర ముందు మెడ వంచి గంటల తరబడి కూర్చోవద్దు, మీ నాయనమ్మ మెడ నీకు వచ్చింది.

ఇంకొక మాట. ఏ భూమికైనా నేను మొదట అడిగేది మూలదస్తావేజు. మన్‌హాటన్‌కు అది లేదు. 1626లో 60 గిల్డర్ల విలువకు ఆ దీవిని స్థానికుల వద్ద కొన్నారని హాలండ్‌లో వ్రాసిన ఒక ఉత్తరంలో రెండు ముక్కలున్నాయి, అంతే. అమ్మినవారి పేరు లేదు, సంతకం లేదు, హద్దులు లేవు. ఆ లెనాపీ జనం అమ్మామనుకున్నారో, కలిసి వాడుకోనిస్తున్నామనుకున్నారో వాళ్ళని అడిగినవాడు లేడు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి ఒక్క సంతకం కోసం అలమటించే వారసులు దానికి ముందు లేని దస్తావేజు సంగతి ఎత్తకపోవడం నాకు వింతగా ఉంది. అన్నెకె పెద్దకూతురు సారా చిన్ననాడే ఆ జనం భాష నేర్చి, 1664లో ఈసోపస్ తెగవారితో సంధి జరిగినప్పుడు దుబాసీగా నిలిచింది; హాకెన్సాక్ తెగ నాయకుడు ఒరాటమ్ ఆమెకు రెండువేల ఎకరాలకు పైగా నేల ఇచ్చాడు. నన్నడిగితే పటంలో ఎర్రసిరా ఆమె పేరు చుట్టూ ఉండాలి. అలాగే 1790 జనాభా లెక్కలో మీ కింగ్‌స్టన్ వారి వరుసలో చివరి గడి ఒకటి ఉంటుంది, ఆ ఇంట్లో ఎంతమంది బానిసలో చెప్పే గడి. పీటరు దాన్ని వదిలేశాడు. న్యూయార్కులో 1827 జూలై దాకా ఆ వ్యవస్థ చట్టబద్ధంగా ఉంది. వీలునామాలలో గుర్రాల పక్కన, మంచాల పక్కన ఆ మనుషుల పేర్లు ఉంటాయి, వాటినీ ఎత్తి వ్రాయి. వాళ్ళ మునిమనుమలు వెతుక్కుంటూ వస్తే మరెక్కడా దొరకవు.

ఇదంతా వద్దని చెప్పడం కాదు. వెతకండి, ఎంత వెనక్కైనా వెళ్ళండి, పుస్తకాలు కొనండి, కావాలంటే ఖర్చుకు నేను పంపుతాను. వెతుకులాటకు అయ్యే ఖర్చు వేరు, దావాకు అయ్యే ఖర్చు వేరు. ఏదైనా కాగితం మీద సంతకం అయి ఉంటే దాని ఫొటో నాకు పంపు, కోప్పడను, చదువుతాను. రద్దు చేయవలసిన విధం అక్కడి వకీలుతో కనుక్కోండి, అమ్మకానికి మాత్రం మురళిని ఇంకేమీ అడగకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పీటరుకు గోంగూర పచ్చడి సీతారాం చేత పంపుతున్నాము, కారం తగ్గించి చేసింది మీ అమ్మ. రాత్రిళ్ళు పెరుగు మానవద్దు. ఆదివారం ఫోను చేయి, లేదా చేసే వీలు లేదని ఒక ముక్క వ్రాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న

తా.క. పటంలో అన్నెకె నుంచి కిందికి లెక్కపెడితే అయిదో తరం దగ్గర 1731లో పుట్టినట్లు వ్రాసిన ఆవిడకు 1742లో కొడుకు పుట్టినట్లు ఉంది. అక్కడ ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు కలిసిపోయి ఉంటారు. ఆ ముడి విప్పకుండా అన్నెకె దాకా పోయే దారి లేదని పీటరుతో చెప్పు.